పిఠాపురం గద్దె తగువు: దత్తుడికా, కన్నకొడుక్కా?

పిఠాపురం: పిల్లలు లేని రైతు బంధువుల బిడ్డను పెంచుకోవడం గోదావరి సీమలో పాత ఆచారం. ఆ తర్వాత సొంత బిడ్డ పుడితే ఆస్తి ఎవరిది? ఈ ప్రశ్న ఒకప్పుడు పిఠాపురం సంస్థానాన్ని లండను దాకా తీసుకుపోయింది.

రాజా గంగాధర రామారావు 1873లో ఒకరిని దత్తత తీసుకున్నారు. 1885లో సూర్యారావు జన్మించారు. 1890లో మరణించిన రాజా ఎస్టేటును సూర్యారావుకే చెందేలా వీలునామా రాశారు. వారసుడు మైనరు కావడంతో ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అజమాయిషీలోకి వెళ్లింది. పంపకం లేని ఎస్టేటును వీలునామాతో ఇచ్చే అధికారం జమీందారుకు లేదంటూ దత్తపుత్రుడు దావా వేశారు.

1899లో ప్రీవీ కౌన్సిల్ ఈ వాదనను తోసిపుచ్చింది. పంచరానిదైనంత మాత్రాన ఎస్టేటు ఇతరులకు ఇవ్వరానిది కాదని, అడ్డుపడే ఆచారం రుజువు కానప్పుడు వీలునామా చెల్లుతుందని తీర్పు చెప్పింది. గద్దె సూర్యారావుకు దక్కింది. తర్వాత దత్తపుత్రుని కుమారుడు మనోవర్తి కోరగా, 1918లో అదీ దక్కలేదు.

జమీందారు ఎస్టేటును ఇష్టానుసారం అమ్మవచ్చు, తాకట్టు పెట్టవచ్చు అన్నట్టయితే జమీలు నిలవవన్న కలవరం బయల్దేరింది. దరిమిలా 1904 మద్రాసు చట్టం జమీందార్ల ఈ అధికారానికి కళ్లెం వేసింది. చివరకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీలే పోయాయి. సూర్యారావు పేరు ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’లో మిగిలింది.

గద్దె పోయినా తగువు మాత్రం రైతు ఇంట మిగిలే ఉంది. 1956 దత్తత చట్టం ప్రకారం కూడా, వేరే ఒప్పందం లేకపోతే, దత్తత తీసుకున్నవారు తమ ఆస్తిని అమ్ముకోవచ్చు, వీలునామా రాయవచ్చు. పిత్రార్జితంలో దత్తుడి వాటా సంగతి వేరు. కేవలం పెంచుకున్న బిడ్డ చట్టం దృష్టిలో దత్తుడు కాడు. దత్తత పత్రం రిజిస్టరైతే రుజువు భారం తగ్గుతుంది. ఆడపిల్లలకు సైతం 1986 రాష్ట్ర సవరణ, 2005 కేంద్ర సవరణ పిత్రార్జితంలో వాటా కల్పించాయి.

లండను దాకా వెళ్లి పోరాడే స్తోమతు రాజులకుండేది. రెండెకరాల రైతుకు కోర్టు ఖర్చులకే ఆ రెండెకరాలూ చాలవు. పెద్దలు బతికుండగానే కాగితాలు సరిచూసుకోవడం శ్రేయస్కరం.