మాట వినబడు పద్ధతి



పోయిన సంక్రాంతికి మా పెద్దవాడు పట్నమునుండి వచ్చుచు ఒక రిసీవరును, ఐదు స్పీకర్లను, మంద్రధ్వనికై నేలపై నుంచెడి పెట్టె నొకదానిని తెచ్చి మా ముందుగదిలో నమర్చెను. మావారు బడిపంతులు, "ఈ వైభవము మనకేల?" యనుచునే మూడుదినములు దాని యెదుటనే కూర్చుండిరి. ఇరుగుపొరుగువారు వచ్చి, నలుమూలలనుండి వచ్చు నాదమునకు ముచ్చటపడిపోయిరి. పండుగ గడచినది, పిల్లవాడు వెడలిపోయెను.

నెల గడచినగాని నాకు తోచలేదు: మా అత్తగారు ప్రవచనము వినుట మానివేసిరి! సంధ్యాదీపము పెట్టినపిదప టెలివిజనులో భాగవతము వినుట వారికి చిరకాలపు అలవాటు. అడుగగా, "చెవులు పోయినవమ్మా, మాటలన్నియు కలిసిపోవుచున్నవి. డెబ్బదియెనిమిదేండ్లు నిండినవి, ఇంకేమి?" యనిరి. మావారు శబ్దమును హెచ్చించిరి. అత్తగారు తలనొప్పియని లేచిపోయిరి. వినికిడి యంత్రము కొనవలెనని దాని వెల విచారించి, నా మెడలోని గొలుసును గూర్చికూడ మాటలాడుకొంటిమి.

అట్లుండగా ఒకనాడు వంటయింట పాలు పొంగిపోయినవి. నాలో నేను గొణుగుకొన్న మాటకు అత్తగారు పెరటి గుమ్మమునుండి, "సెగ తగ్గించవలసినది గదా!" యని బదులిచ్చిరి. ఇంతటి గొణుగుడు వినబడిన చెవికి ప్రవచనము వినబడకుండుటేమి?

ఆ మధ్యాహ్నమే యంత్రముతో వచ్చిన పుస్తకమును ముందు వేసికొని కూర్చుంటిని. రిసీవరు ముఖమున "జాజ్ క్లబ్" అను అక్షరములు మెరయుచుండెను. పిల్లవాడు వేడుకకై పెట్టి మరచినాడు. నెలన్నరగా మేము పరీక్షిన్మహారాజు కథను దూరదేశపు పాటకచేరి మందిరమున వినుచుంటిమన్నమాట!

పెద్ద కచేరీసాలలో కంఠధ్వని తిన్నగా చెవిని సోకినపిదప గోడలకును కప్పునకును తగిలి మరల మరల వచ్చును. ఆ ప్రతిధ్వనులను లెక్కగట్టి యంత్రమే పుట్టించుట ఈ మందిరపద్ధతుల పని. జపానుదేశపు యమాహావారు నిజమైన కచేరీసాలలలో కొలతలు తీసి, 1986లోనే డి.ఎస్.పి.-1 అను యంత్రముచే దీనిని చేయించిరి. వీణకో వేణువునకో ఇది యొకప్పుడు సొగసే. కాని మాటకు తగదు. ఒక అక్షరపు తోక తరువాతి యక్షరముపై పడి హల్లులు మాసిపోవును. వయసు మీరినవారి చెవికి ముందుగా తగ్గునది తారస్థాయి ధ్వనులను పట్టు శక్తి; శ, స, త వంటి హల్లులు తెలియుట ఆ ధ్వనులవలననే. శబ్దమును హెచ్చించిన ప్రతిధ్వనియు హెచ్చును గదా!

మూలమున లేనిదానిని వ్రాయనని ప్రతిజ్ఞ చేసి కావ్యవ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి మన మెదకుసీమవాడే. రిసీవరు విషయమున నేనును ఆయన పక్షమే. ముందు మూలమేమో చూడవలెను. వచ్చుచున్న ధ్వని ఎన్ని పాయలో యంత్రమే చూపును. 5.1 అనియున్నచో ముందు మూడు, ప్రక్కల రెండు, మంద్రధ్వని కొకటి విడివిడిగానే వచ్చినవి. మాటలు చాలవరకు నడిమి పాయలో నుండును. అప్పుడు ఏ చేర్పును లేక "డాల్బీ డిజిటల్" వంటి మూలము పేరుగల పద్ధతినే యుంచుడు. ఇందొక చిక్కు కలదు. టెలివిజను ధ్వని యమరికలో "పి.సి.యం." అని యున్నచో తరచుగా రెండు పాయలే రిసీవరునకు చేరును; "బిట్‌స్ట్రీమ్" అని మార్చవలెను. మా యింట నిదియు తప్పుగనే యుండెను.

ప్రవచనములు, వార్తలు, పాతపాటలు చాలవరకు రెండు పాయలవే. "స్టీరియో" అన్నచో ముందరి రెండు స్పీకర్లును, మంద్రధ్వని పెట్టెయు మాత్రమే మ్రోగును. ఎదుట కూర్చుండి సంగీతము వినువారికి ఇదియే చాలును. "డాల్బీ సరౌండ్" అనునది 1987 నాటి ప్రోలాజిక్కు వంశములోనిది. 2014 నుండి వచ్చిన యంత్రములలో కనబడును. రెండు పాయలలో సమానముగా నున్నదానిని వేరుచేసి నడిమి స్పీకరునకును, భిన్నముగా నున్నదానిని ప్రక్కలకును పంపుట దీని నేర్పు. మనుష్యుని మాట తరచుగా రెండింటను సమానముగా నుండును గనుక, మజ్జిగనుండి వెన్న విడివడినట్లు నడుమకు వచ్చి చేరును. 1957 నాటి మాయాబజారు తొలిరూపమువంటి ఏకధ్వని చిత్రమైనచో ఇంచుమించు సర్వమును నడిమి స్పీకరుననే పలుకును. తక్కినవి చెడిపోయినవని భయపడకుడు.

"మల్టీ ఛానల్ స్టీరియో" పేరంటమునాటికి మంచిది. ఐదింటను ఒకటే పాట. పసుపుకుంకుమలిచ్చుచు ఎచ్చట తిరిగినను వినబడును. కాని కూర్చుండి మాట వినువారికి అదే మాట ముందువెనుకలుగా వేర్వేరు మూలలనుండి చేరి చిందరవందరయగును. పిల్లలు నిద్రించు వేళకు "నైట్" అను ఏర్పాటు వేరుగా కలదు. అది పిడుగును తగ్గించి గుసగుసను పైకి తెచ్చును.

ఆ సాయంకాలము డాల్బీ సరౌండ్ పెట్టి, నడిమి స్పీకరును మూడు డెసిబెల్లులు హెచ్చించి, అత్తగారిని చేయిపట్టి తెచ్చి కూర్చుండబెట్టితిని. పావుగంట పలుకలేదు. ప్రవచనకారుడొక సమాసమును విరుచుచు తడబడగా, "అది కాదు నాయనా" యని తామే సవరించిరి. మావారు నావంక చూచి మెల్లగా నవ్విరి.

వైద్యునికి చూపుటమాత్రము మానలేదు. వయసుకు తగిన లోపము కొంత యున్నదనియు, ఇప్పట్లో యంత్రము అక్కరలేదనియు ఆయన చెప్పెను. ఉగాదికి పిల్లవాడు మరల వచ్చి మందిరమును మార్చబోయెను. అప్పటినుండి రిమోటు అత్తగారి దిండుక్రింద నున్నది.