కంకర చూసి స్లాబు వేయించండి

బిచ్కుంద నుంచి ఒక సోదరి అడిగారు: "వచ్చే వారం మా ఇంటి స్లాబు. మా వారు ఊళ్లో లేరు. లారీలో వచ్చిన కంకరలో పెంకుల్లాంటి రాళ్లు చాలా ఉన్నాయి. మేస్త్రిని అడిగితే, కాస్త నీళ్లెక్కువ పోస్తే సర్దుకుంటుందంటున్నాడు. ఒప్పుకోనా?"

ఒప్పుకోకండమ్మా! మీకు మంజీర ఇసుక దగ్గరే. కానీ ఇసుక ఎంత మంచిదైనా కంకర లోపాన్ని కప్పలేదు. కాంక్రీటులో ముప్పాతిక వంతు దాకా ఉండేది రాయీ ఇసుకే మరి.

వంటింట్లో ఒక డబ్బా నిండా నిమ్మకాయలు పోయండి. మధ్యలో ఎన్ని సందులో! వాటిలో శనగలు, ఆపైన రవ్వ పోస్తే అవీ పడతాయి. కంకరా అంతే. అంతా ఒకే సైజైతే సందులు ఎక్కువ. వాటిని నింపడానికి సిమెంటు ఎక్కువ పడుతుంది. లేదంటే గుల్లలు మిగిలి, నీరు దిగి, లోపలి ఊచలు తుప్పు పడతాయి. అందుకే 20 ఎం.ఎం. ఆరు తట్టలకు 10 ఎం.ఎం. నాలుగు తట్టలు కలపడం వాడుక.

ఇక ఆకారం. నున్నని గుండ్రాయి సులువుగా కదులుతుంది కానీ సిమెంటు దాన్ని గట్టిగా పట్టుకోదు. నాలుగు వైపులా ఇంచుమించు సమంగా, గరుకుగా ఉన్న క్రషర్ రాయి మంచిది. పెంకులు, పుల్లల్లాంటి రాళ్లు తేలిగ్గా విరుగుతాయి. వాటి అడుగున నీరు నిలిచి గుల్ల పడుతుంది. పైగా అవి కలవడానికి నీళ్లెక్కువ అడుగుతాయి. నీళ్లు పెరిగితే బలం తగ్గుతుంది! ఐఎస్ 383 (2016) ప్రకారం ఈ రెండు రకాలూ కలిపి 40 శాతం మించకూడదు.

మీరు చేయాల్సినవి:

* కుప్పలో నాలుగైదు చోట్ల నుంచి దోసిళ్లతో తీసి గోనెపట్టా మీద పరచండి. అసలు లెక్క తూకంతో చేస్తారు కానీ, సగం పెంకులే కనిపిస్తే లారీ తిప్పి పంపండి.

* ఒకే సైజు బకెట్లు రెండు తీసుకోండి. ఒకదాంట్లో పెద్ద కంకర, రెండోదాంట్లో రెండు సైజులూ కలిపింది తడిపి, అంచుదాకా నింపండి. గ్లాసుతో కొలిచి నీళ్లు పోయండి. తక్కువ నీళ్లు పట్టిన బకెట్‌లో సందులు తక్కువ.

* కంకరకు దుమ్ము, మట్టి అంటుకుని ఉంటే కడిగించండి.

* ఎం-20 రకం స్లాబుకు (1:1½:3 పాళ్లు) 50 కిలోల బస్తాకు 30 లీటర్లకు మించి నీళ్లు వద్దు. తడి ఇసుకలో ఉన్న నీరూ ఆ లెక్కలోదే!

మేస్త్రితో గొడవ వద్దు. బకెట్ల పరీక్ష ఆయన ఎదుటే చేయండి. లారీ తిప్పి పంపితే నాలుగు రోజులు ఆలస్యం, అంతే. ఆ కప్పు కింద మీ పిల్లలు ఏళ్ల తరబడి నిద్రపోవాలి కదా!