పాత ఇంజక్టరులు: పరీక్షింపక బిగింపరాదు

విత్తనములు చల్లుటకు ముందు నూరు గింజలను తడిగుడ్డలో మూటగట్టి, యెన్ని మొలచినవో లెక్కించుట మన రైతులకు క్రొత్తగాదు. ఎద్దును గొనునపుడు పండ్లు చూచి, నడిపించి, కాడి గట్టి చూడక పైకము చెల్లించువాడు మన గ్రామములలో నరుదు. ఇంతటి జాగరూకత గల రైతే పాతసామానుల యంగడిలో ఇంజక్టరును గొన్నపుడు మాత్రము, పైకి మెఱయుచున్నదని సంతసించి తిన్నగా ట్రాక్టరునకు బిగింప నొప్పుకొనుచున్నాడు. పరీక్షింపని పాత ఇంజక్టరును ఏ యింజనునకును బిగింపరాదనియు, ఆ పరీక్షకు వలసిన సాధనమును సహకార సంఘములే సమకూర్పవలెననియు మా యభిప్రాయము. అందులకు గల కారణముల నిచట విన్నవించుచున్నాము.

పాతవస్తువును గొనుట తప్పని మేము చెప్పుట లేదు. క్రొత్తదాని వెల భరింపలేనివారును, పాత నమూనా యింజనునకు క్రొత్త భాగములు దొరకనివారును వేఱేమి చేయగలరు? అదియునుగాక ఇంజక్టరు పైబొడ్డు చాలకాలము మన్నును. అరిగిపోవునది ముఖ్యముగా కొననున్న నాజిలు, బలము తగ్గునది లోపలి స్ప్రింగు. ఈ రెండింటిని మార్చుకొన్నచో పాత ఇంజక్టరు మరల చక్కగా పనిచేయవచ్చును. అయితే ఏది మార్చవలెనో, ఏది మార్చనక్కఱలేదో తెలియుట పరీక్షవలననే.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. సిలిండరులోని గాలి గట్టిగా అణగద్రొక్కబడి మిక్కిలి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి ఇంజక్టరు నూనెను మంచువలె చల్లగా నది తనంతట మండును. 1897వ సంవత్సరమున జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున రుడాల్ఫ్ డీజిల్ తన యింజనును జయప్రదముగా నడపినపుడు నూనెను లోనికి జిమ్ముటకు ఒత్తిడిగాలిని వాడవలసివచ్చెను. 1927లో రాబర్టు బాష్ కంపెనీవారు నూనె జిమ్ము పంపులను విరివిగా తయారుచేయ నారంభించిన పిమ్మటనే చిన్న వాహనములకును ట్రాక్టరులకును ఈ యింజను సులభముగా నమరినది. 1951లో బెంగుళూరున మైకో కంపెనీ యేర్పడి యీ పంపులను, నాజిళ్లను మన దేశమున తయారుచేయసాగెను. 2008లో నా కంపెనీ పేరు బాష్ అని మాఱినది.

ఈ నాజిలులోని సూదికిని, అది కదలు గొట్టమునకును నడుమ నుండు సందు మిల్లీమీటరులో వేయింట రెండు మూడు వంతులు మాత్రమే. మన తలవెండ్రుక మందము వేయింట డెబ్బది వంతుల ప్రాంతము. అనగా వెండ్రుకలో ఇరువదవ వంతైనను లేని సందు! అందుచేత ఏ సూది నా గొట్టమునకే సరిచేసి జంటగా నుంతురు. ఒకదాని సూదిని మఱొకదానిలో పెట్టరాదు. కంటికి కనబడని యీ సందు అరిగినదో లేదో పైమెఱుగు చూచి చెప్పగలవా రెవ్వరు? నీరు కలసిన డీజిలుచే సూదికొన తుప్పుపట్టినను, దుమ్ముచే గీతలు పడినను, చాలకాలము వాడక యుంచుటచే సూది యతుకుకొనినను, బయట నేమియు దెలియదు.

ఇట్టి ఇంజక్టరును బిగించిన నేమగును? సూది సరిగా మూసికొననియెడల నూనె తుంపరగాక బొట్లుగా గారును. సగము కాలి నల్లపొగయై పోవును. కాలని నూనె సిలిండరు గోడలపై నున్న కందెనను కడిగివైచి, క్రిందికి దిగి ఇంజను ఆయిలును పలుచన చేయును. అప్పుడు రింగులును బేరింగులును త్వరలో నరుగును. ధార యొకేచోట పడి మండుచున్నచో పిస్టను తల కరగి చిల్లిపడుటయు గలదు. నాలుగు సిలిండరులలో నొకటి చెడినను తక్కిన మూడును దాని భారమును మోయవలసియుండును. ఈ నష్టము సామాన్యముగా దుక్కినాడో, నూర్పుల నాడో బయటపడును. వాన కురిసి పదును ఆఱిపోకముందు దున్నవలసిన రైతునకు వారము దినములు ట్రాక్టరు నిలిచిన నది యొక్క మరమ్మతు ఖర్చుతో తీరునది కాదు.

పరీక్ష కష్టమైనది కాదు. చేతిమీటయు, గేజియు, నూనెతొట్టియు గల చిన్న పంపునకు ఇంజక్టరును తగిలించి నాలుగు సంగతులు చూడవలెను. మొదటిది, ఎంత ఒత్తిడికి తెరచుకొనుచున్నదో చూచుట. దీనిని బారులలో లెక్కింతురు. ఒక బారనగా చదరపు సెంటిమీటరునకు సుమారొక కిలోగ్రాము. సిలిండరులోనికి నేరుగా జల్లు ట్రాక్టరు ఇంజనులలో నిది సామాన్యముగా 200 బారులో, అంతకు మించియో యుండును. ఆ యింజను పుస్తకమున నున్న యంకెయే ప్రమాణము. స్ప్రింగు దిగిపోయిన నీ యంకె తగ్గును. దానిని పలుచని రేకులతోగాని మరతోగాని సరిచేయవచ్చును. రెండవది, తెరచుకొను ఒత్తిడికి 10 మొదలు 20 బారులు తక్కువగా నుంచి 10 సెకండ్లు నిలిపిచూచుట. కొననుండి బొట్టు రాలరాదు. మూడవది, తుంపర తీరు. అన్ని రంధ్రములనుండియు సమానముగా, మంచువలె రావలెను గాని ధారగట్టరాదు. నాలుగవది, మీట నొత్తుట మానిన పిదప గేజిముల్లు ఎంత త్వరగా దిగుచున్నదో చూచుట. మిక్కిలి త్వరగా దిగిన సూదిప్రక్కల నరిగినదని యర్థము.

ఈ సందర్భమున నొక హెచ్చరిక ముఖ్యము. పరీక్షించునపుడు నాజిలు నెదుట చేయి పెట్టరాదు. అంతటి ఒత్తిడితో వచ్చు నూనె చర్మమును చీల్చుకొని మాంసములోనికి బోవును. గాయము సూదిపోటంతయే కనబడినను లోపల కుళ్లి వ్రేలినో చేతినో తీసివేయవలసిరావచ్చును. అట్టిది జరిగినచో నొప్పి లేదని యూరకుండక వెంటనే శస్త్రవైద్యముగల యాసుపత్రికి బోవలెను. తుంపర సులభముగా నంటుకొనును గావున దగ్గర బీడీగాని దీపముగాని యుండరాదు.

కారులును వ్యానులును గల సభ్యులకు రెండు మాటలు. పెట్రోలు కారుల ఇంజక్టరు విద్యుత్తుచే తెరచుకొనునది. దాని తీగచుట్ట నిరోధమును మీటరుతో కొలచి పుస్తకములోని యంకెతో సరిచూడవలెను. అన్నింటిని ఒకే ఒత్తిడిలో, ఒకే కాలము నడపి గాజుగొట్టములలో పడిన నూనె సమానముగా నున్నదో లేదో పోల్చవలెను. మూసియున్నపుడు కారుచున్నదేమో చూడవలెను. బిగించునపుడు రబ్బరు రింగులు క్రొత్తవి వేయవలెను. ఇక కామన్ రైల్ పద్ధతి గల డీజిలు కారులలోను క్రొత్త ట్రాక్టరులలోను ఒత్తిడి వేయి బారులకు మించును. వాని కీ చేతిపంపు చాలదు. 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టరులకు 2023 జనవరి 1 నుండి క్రొత్త పొగ నియమములు అమలునకు వచ్చుటచే నీ పద్ధతి పల్లెలకును వచ్చుచున్నది. అట్టి ఇంజక్టరులను పెద్ద యంత్రముగల పరీక్షాశాలకే పంపవలెను. పెక్కింటిపై చెక్కిన సంకేతాక్షరములను వాహనపు కంప్యూటరులో నమోదు చేయింపవలెను.

"ఇంజను తిరిగినది గదా, ఇక పరీక్ష యెందుకు?" అని కొంద ఱందురు. తిరుగుట వేఱు, సరిగా తిరుగుట వేఱు. "అనుభవముగల మెకానిక్కు చప్పుడునుబట్టియే చెప్పగలడు" అని మఱికొంద ఱందురు. ఒక్కొక్క గొట్టపు నట్టును వదలుచేసి ఏ సిలిండరు పనిచేయుటలేదో యాతడు చెప్పగలుగుట నిజమే. కాని యది బిగించిన తరువాతి మాట. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? "పరీక్షకు ఖర్చగును" అనుట మూడవ యాక్షేపణ. గంటకు 4 లీటర్లు త్రాగు ట్రాక్టరు చెడ్డ ఇంజక్టరుచే పదియవ వంతు వృథా చేయుచున్నదనుకొందము. 500 గంటలలో 200 లీటర్ల డీజిలు పొగయైపోవును. దాని వెలను పరీక్షకూలితో పోల్చుకొనుడు.

అయినను ప్రతిరైతును ఈ సాధనమును గొనవలెననుట యుక్తము కాదు. ఏడాదిలో నొకటి రెండు పర్యాయములు వాడు వస్తువును పదిమంది కలసి యుంచుకొనుటకే గదా సహకారము పుట్టినది! కావున ట్రాక్టరులుగల గ్రామములలోని ప్రతి సంఘమును, లేదా రెండు మూడు సంఘములు చేరి, యొక చేతిపంపును గొని, నేర్చిన మనిషి నొకని నియమింపవలెను. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రముల శిక్షణకును పరీక్షకును కేంద్రప్రభుత్వపు సంస్థ యున్నది; ఇట్టివానియందు మన యువకులకు శిక్షణ నిప్పింపవచ్చును. పరీక్షించిన ప్రతి ఇంజక్టరునకును నాలుగు ఫలితములు వ్రాసిన చీటి నియ్యవలెను. దాని ప్రతి సంఘపు పుస్తకమున నుండవలెను. చీటి లేని పాత ఇంజక్టరును సంఘపు ట్రాక్టరులకు బిగింపరాదని తీర్మానింపవలెను. ఈ చీటి వాడుకలోనికి వచ్చినచో పాతసామానుల వర్తకుడును పరీక్షించియే యమ్ముటకు జూచును. ఏలయన చీటి యడుగు రైతునకు చెడ్డసరకు నంటగట్టుట కష్టము.

పరీక్షలో నెగ్గిన దానినైనను బిగించునపుడు సిలిండరు తలలోని గుంతను శుభ్రపఱచి, పాత రాగివాషరును తీసి క్రొత్తది యొక్కటే వేసి, నట్లను రెండువైపుల సమానముగా బిగించి, గొట్టములలోని గాలిని వెడలించుట మఱవరాదు.

రానున్న సర్వసభ్య సమావేశమున నీ విషయమును చర్చకు దెచ్చి, తొలకరికి ముందే పంపు సంఘమునకు వచ్చునట్లు చేయవలసినదిగా సభ్యులను గోరుచున్నాము. అంతవఱకు పాత ఇంజక్టరు గొనువారు "ముందు పరీక్ష, పిమ్మట పైకము" అని వర్తకునితో మాటయాడుకొనుట మేలు.