కోసో కలప: అనుమతి పత్రాల చాటున ఆగని నరికివేత

పశ్చిమ ఆఫ్రికా సవన్నా భూముల్లో ఎండలు ముదిరి గడ్డి మాడిపోయినప్పుడు పశుపోషకులు ఒక చెట్టు కొమ్మలు నరికి ఆకును మేతగా వేస్తారు. బలాఫోన్ వాద్యపు పలకలను చెక్కేదీ ఆ చెట్టు కలపతోనే. శాస్త్రీయ నామం టెరోకార్పస్ ఎరినేసియస్. కలప వర్తకంలో కోసో, ఆఫ్రికన్ రోజ్‌వుడ్ అన్న పేర్లతో చెలామణి అవుతోంది. 2010 తరువాత కొద్ది సంవత్సరాల్లోనే ఇది గ్రామ అవసరాల పరిధి దాటి కంటైనర్లలోకి ఎక్కింది.

గిరాకీ అంతా చైనాది. మింగ్, చింగ్ కాలాల శైలిలో చేసే ‘హోంగ్ము’ ఫర్నిచర్‌కు ఏ కలప తగినదో నిర్ణయిస్తూ ఆ దేశం 2000లో జాతీయ ప్రమాణం తెచ్చి, 33 వృక్షజాతులను అందులో చేర్చింది. ఆగ్నేయాసియాలో రోజ్‌వుడ్ తరిగిపోయేకొద్దీ వర్తకుల చూపు కోసో మీద పడింది. అదే జాబితాలో శేషాచలం అడవుల ఎర్రచందనమూ ఉంది. పేరుకే అది చందనం. వృక్షశాస్త్రం ప్రకారం మన వేగిసకూ, ఈ కోసోకూ తోబుట్టువు.

అంతరించే జాతుల వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో కోసో 2017 జనవరి నుంచి రెండో అనుబంధంలో ఉంది. అంటే, నరికివేత వల్ల జాతి మనుగడకు ముప్పు లేదని తేల్చుకున్న తరువాతే ఎగుమతి దేశం అనుమతి ఇవ్వాలి. ఈ ఏర్పాటులోని బలహీనత కూడా ఇక్కడే ఉంది. అడవిని లెక్కించవలసినదీ, పత్రంపై ముద్ర వేయవలసినదీ ఆ ప్రభుత్వమే. నైజీరియా నుంచి 14 లక్షలకు పైగా అక్రమ దుంగలు చైనాకు చేరాయని, సరకు అక్కడికి వెళ్లాక వేలాది అనుమతులు జారీ అయ్యాయని పర్యావరణ పరిశోధన సంస్థ ఈఐఏ 2017లో ఆరోపించింది.

గాంబియా ఉదంతం ఇంకా విచిత్రం. సొంత అడవుల్లో కోసో దాదాపు కనుమరుగైనా ఆ చిన్న దేశం చైనాకు ప్రధాన సరఫరాదారుల్లో ఒకటిగా నిలిచింది. దుంగలు వచ్చింది సరిహద్దుకు ఆవల, సెనెగల్‌లోని కాసమాన్స్ నుంచి. దశాబ్దాల వేర్పాటువాద ఘర్షణ చూసిన ఆ ప్రాంతంలో కలప సొమ్ము తిరుగుబాటుదారులకూ చేరిందన్న ఆరోపణలు ఉన్నాయి. గాంబియా 2022లో కలప ఎగుమతిని నిషేధించింది. శాస్త్రీయ ఆధారం చూపని దేశాలతో కోసో వాణిజ్యం నిలిపివేయాలని సైటిస్ స్థాయీ సంఘం పట్టుబట్టిందీ ఆ ఏడాదే.

ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రధానంగా ఒకే రాష్ట్రంలో. కాపలాకు ఒక యంత్రాంగం ఉంది, అయినా స్మగ్లింగ్ ఆగలేదు. కోసో పదికి పైగా దేశాల్లో విస్తరించింది. ఒక దేశం తలుపు వేస్తే దుంగ పక్క దేశపు రేవుకు చేరుతుంది. కాబట్టి విడివిడి నిషేధాల కన్నా, దిగుమతి రేవులో పత్రంతో పాటు కలప పుట్టుకనూ ఆరా తీయడమే అసలు పరీక్ష. ఆ పని చేయగలిగేది చైనా కస్టమ్స్ మాత్రమే.