గర్భస్థ శిశువు ఊపిరితిత్తులు: పరీక్ష చెప్పేదెంత?

నెలలు నిండకముందే కాన్పు తప్పదన్నప్పుడు ఇంటిల్లిపాదినీ కలవరపెట్టే ప్రశ్న ఒక్కటే: బిడ్డ తనంతట తాను ఊపిరి పీల్చుకోగలదా? ముందుగా తెలుసుకొనే పరీక్షలు లేకపోలేదు. వాటిని ఎంతవరకు నమ్మవచ్చునో ఈ నెల పరిశీలిద్దాం.

శ్వాస విడిచినప్పుడు ఊపిరితిత్తులలోని సూక్ష్మమైన గాలి తిత్తులు అతుక్కుపోకుండా సర్ఫాక్టెంట్ అనే పదార్థం కాపాడుతుంది. అది చాలనందువల్లనే నెలలు నిండని శిశువులు ఆయాసంతో అల్లాడుతారని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరి మీడ్ తెలియజేశారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనడీ కుమారుడు పాట్రిక్ ఈ వ్యాధితోనే, పుట్టి రెండు రోజులైనా నిండకుండా కన్నుమూశాడు.

1971లో లూయీ గ్లక్ బృందం ఒక పరీక్షను వెలువరించింది. తల్లి కడుపులోనికి సూది దించి ఉమ్మనీరు తీసి, అందులోని లెసిథిన్, స్ఫింగోమైలిన్ అనే కొవ్వుల నిష్పత్తిని కొలుస్తారు. అది 2 లేదా అంతకు మించితే ఊపిరితిత్తులు పరిపక్వమైనట్లు లెక్క.

ఈ పరీక్ష 'పరిపక్వం' అంటే ఆ మాట చాలావరకు నిజమవుతుంది. 'అపరిపక్వం' అంటే మాత్రం అంతగా నమ్మలేము. అలా తేలిన శిశువులలో పలువురు ఏ ఇబ్బందీ లేకుండానే ఊపిరి పీల్చుకొన్నారు. ఉమ్మనీటిలో రక్తం గానీ, శిశువు మలం గానీ కలిస్తే లెక్క తారుమారవుతుంది. తల్లికి మధుమేహం ఉంటే నిష్పత్తి 2 దాటినా బిడ్డకు ఆయాసం రావచ్చు.

అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఊపిరితిత్తులు సిద్ధమైనంత మాత్రాన బిడ్డ మొత్తంగా సిద్ధమైనట్లు కాదు. పరీక్షలో పరిపక్వమని తేలి 36 నుండి 38 వారాల మధ్య పుట్టిన శిశువులకు, 39, 40 వారాలకు పుట్టినవారికన్న కామెర్లు, రక్తంలో చక్కెర తగ్గడం వంటి చిక్కులు ఎక్కువగా వచ్చాయని 2010లో అమెరికాలో వెలువడిన అధ్యయనం తెలిపింది. అందుకే నేడు ఈ పరీక్ష వాడుక బాగా తగ్గిపోయింది.

తల్లికో బిడ్డకో ప్రమాదముంటే పరీక్ష కోసం ఆగడం తగదు. నెలలు నిండకముందే కాన్పు జరిగేట్లుంటే, బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదిగేందుకు తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. 1972లో న్యూజిలాండ్ వైద్యులు లిగిన్స్, హౌవీ చూపిన మార్గమిది. ప్రమాదమేదీ లేనప్పుడు 39 వారాలు నిండేవరకు వేచియుండడమే మేలు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. గల్ఫ్‌లో ఉన్న భర్త సెలవు ముగుస్తున్నదనో, ఇంట్లో పెళ్లి ఉన్నదనో కాన్పు తేదీని ముందుకు జరపమని వైద్యులను కోరవద్దని పెద్దలకు మా మనవి. మొదటి మూడు నెలలలో తీయించిన స్కానింగ్ కాగితాన్ని భద్రపరచండి. వారాల లెక్కకు అదే గట్టి ఆధారం. వైద్యులే ముందుగా కాన్పు చేద్దామంటే, "అందుకు వైద్యపరమైన కారణమేమిటి?" అని మర్యాదగా అడగండి. అడిగే హక్కు తల్లికి ఉంది.