ఆంధ్రా ప్యారిస్ నుంచి అసలు ప్యారిస్‌కి

ఈ వారం ఎవరి కాల్షీట్లు ఎవరికి దొరకలేదో, ఏ డ్యూయెట్ ఏ కొండ మీద తీశారో రాయబోవడం లేదు. మరేం రాస్తావయ్యా అంటారా? వచ్చే భాద్రపదంలో మా అమ్మకి అరవై నిండుతాయి. ఆవిణ్ణి యూరప్ తీసుకెళ్ళి, రైళ్ళలో ఊరూరూ తిప్పి తీసుకురావాలని నా సంకల్పం. ఆ ఏర్పాట్ల బోగట్టాయే ఈ వారం కబురు. సినిమా పత్రికలో ఈ తీర్థయాత్ర గోలేమిటని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో సినిమా కావలసినంత ఉంది. పైగా మీలో పాతికో ముప్పయ్యో నిండబోతూ, జేబులో చిల్లర లెక్కపెట్టుకుంటూ, ప్రపంచ పటం ముందేసుక్కూర్చున్న వాళ్ళు బోలెడుమంది ఉన్నారని నాకు తెలుసు.

మాది తెనాలి. ఆ ఊరికి ఆంధ్రా ప్యారిస్ అని బిరుదు. "ఆంధ్రా ప్యారిస్‌లోనే కాపురం చేశానుగా, మళ్ళీ అసలు ప్యారిస్ దేనికిరా?" అని ఆవిడ మొదటి అభ్యంతరం. రెండో అభ్యంతరం అసలైనది. "నాకెందుకురా ఈ పండగలు?"

ఈ మాటకి అర్థం తెలియాలంటే ఓ సంగతి చెప్పాలి. మనలో షష్టిపూర్తి అనేది మగవాడి వయసు లెక్కన జరిగే ముచ్చట. పక్కన పీటల మీద భార్య కూర్చుంటుంది గానీ ఆవిడ అరవయ్యో ఏడుని ఎవరూ లెక్కపెట్టరు. మా నాన్నగారు యాభై ఏడేళ్ళకే వెళ్ళిపోయారు. అంచేత మా ఇంట్లో ఆ పీటలు వెయ్యలేదు. ముప్పయ్యేళ్ళపాటు జాకెట్లు కుట్టి నన్ను బి.ఏ. దాకా చదివించిన మనిషికి అరవై నిండుతుంటే, గుళ్ళో అర్చన చేయించి పులిహోర పంచి ఊరుకోవడం నాకు మనస్కరించలేదు.

సరే, ఒప్పించాను. ఇహ పుట్టినరోజు ఏనాడన్నది రెండో తగాదా. పాస్‌పోర్టులో జూలై 1. బళ్ళో వేసినప్పుడు మేష్టారు తనకి తోచినట్టు వేసిన తారీఖు అది. ఆ కాలంలో ఆ మేష్టార్ల దయవల్ల సగం ఆంధ్రదేశం జూన్, జూలై నెలల్లోనే పుట్టింది. అమ్మ అసలు పుట్టినది అనంత చతుర్దశి నాడు, అంటే వినాయక చవితి వెళ్ళిన పదో రోజు. చవితి పూజ కాకుండా ఇల్లు కదలనని ఆవిడ షరతు. కాబట్టి చవితి మర్నాడు బయల్దేరాలి, అసలు పుట్టినరోజు దారిలో రావాలి. ఏ చిత్రానికీ ఇంత చిక్కు షెడ్యూలు పడి ఉండదు.

నేను వేసిన మొదటి జాబితా చూస్తే మీకు నోరూరుతుంది. ప్యారిస్, లియాన్, బార్సిలోనా, టూరిన్, వెనిస్, ఇంటర్లాకెన్, వియన్నా, బుడాపెస్ట్. పద్నాలుగు రోజుల్లో ఎనిమిది ఊళ్ళు. ప్రతి ఊరికీ ఓ సినిమా కారణం ఉంది లెండి. "సంగం" 1964లో వెనిస్ పడవల్నీ ప్యారిస్ వీధుల్నీ మన తెర మీదికి తెచ్చింది. "ఇద్దరమ్మాయిలతో" 2013లో బార్సిలోనా చూపించింది. టూరిన్‌లో మోలె ఆంతొనెల్లియానా అనే ఎత్తయిన గోపురంలో ఇటలీవారి జాతీయ సినిమా మ్యూజియం ఉంది. సినిమా రాతగాడికి అదొక కాశీ.

అమ్మ ఆ కాయితం తీసుకుని, కొలతల పుస్తకంలో పెట్టుకుని, సాయంత్రానికి తిరిగిచ్చింది. పక్కన పెన్సిలుతో ఒక్కో ఊరికి ఒకటే ప్రశ్న. "ఎన్ని రాత్రులు పడుకుంటాం?" ఎనిమిదింట మూడు ఊళ్ళకి జవాబు "ఒకటి". "ఒక రాత్రికి పెట్టె విప్పి, పొద్దున్నే మళ్ళీ సర్దుకుని స్టేషనుకి పరుగెత్తడానికి నేనేమన్నా సర్కస్ కంపెనీనా?" అంది.

ఆవిడన్నదాంట్లో కిటుకు ఉంది. రైలులో కూర్చోవడం కష్టం కాదు. ఎక్కడం, దిగడం కష్టం. అక్కడ మన స్టేషన్లలోలాగా తలపాగా చుట్టుకుని పెట్టె నెత్తినెత్తుకునే కూలీలు ఉండరు. మధ్య స్టేషన్లలో బండి రెండు మూడు నిమిషాలకి మించి ఆగదు. కొన్ని బళ్ళకి మెట్లెక్కాలి. ప్యారిస్ స్టేషన్లలో ఏ ప్లాట్‌ఫారమో బండి కదిలే ఇరవై నిమిషాల ముందుగానీ బోర్డు మీద వెయ్యరు. అంతదాకా జనమంతా మెడలెత్తి బోర్డు వంక చూస్తూ నిలబడాలి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఊరు మారిన ప్రతిసారీ ఆ మోకాళ్ళ మీద ఒక రోజు ఖర్చవుతుంది.

అలా కత్తెర పడింది. వెనిస్ పోయింది, వంతెనలన్నిటికీ మెట్లే. బార్సిలోనా పోయింది, ప్యారిస్ నుంచి పోను ఆరున్నర గంటల పైమాటే. బుడాపెస్ట్ పోయింది. టూరిన్ దగ్గర మాత్రం నేను మూడు రోజులు పేచీ పెట్టాను. "నీ నలభయ్యో పుట్టినరోజుకి వెళ్ళు నాన్నా, ఎవరొద్దన్నారు?" అంది. టూరిన్ కూడా పోయింది.

మిగిలినవి నాలుగు. ప్యారిస్ మూడు రాత్రులు, లియాన్ రెండు, ఇంటర్లాకెన్ మూడు, వియన్నా మూడు.

ప్యారిస్‌లో అందరూ ఈఫిల్ టవరు దగ్గర ఫొటో దిగుతారు, మేమూ దిగుతాం. కానీ నాకు చూడాలని ఉన్నది కాపుసిన్ బులెవార్డ్‌లో 14వ నంబరు. 1895 డిసెంబరు 28న అక్కడి గ్రాండ్ కెఫే నేలమాళిగలో లూమియేర్ సోదరులు ఒక ఫ్రాంకు టిక్కెట్టు పెట్టి పది చిన్న చిత్రాలు ఆడించారు. డబ్బులిచ్చి సినిమా చూసే మన జాతికి మూలపురుషులు ఆ రాత్రి ఆ గదిలో కూర్చున్నవాళ్ళే. ఇప్పుడక్కడ ఓ పెద్ద హోటలుంది, గోడకి ఫలకం ఉంది. తెర మీద రైలు దూసుకొస్తుంటే జనం బెదిరి కుర్చీలొదిలి పారిపోయారని మీరు ఎక్కడో చదివే ఉంటారు. అదంతా తర్వాత అల్లిన కథే కాబోలని చరిత్రకారుల అనుమానం. అసలా రాత్రి ఆడిన పదింట్లో లా సియోటా స్టేషను రైలు లేనే లేదు! అది తెర మీదికొచ్చింది 1896లో. ఆ ఏడే జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియేర్ వారి ప్రదర్శన జరిగింది. ఇప్పటి కొత్త చిత్రాలు మనకింత తొందరగా వస్తున్నాయని మురిసిపోతున్నాం గానీ, అప్పుడు మాత్రం పట్టింది ఆరు నెలలే.

ఇహ లియాన్. ఈ ఊరి పేరు చెప్పగానే అమ్మ పెన్సిలు పైకెత్తింది. "అక్కడేముంది?" "ఒక ఫ్యాక్టరీ షెడ్డు." "ఫ్యాక్టరీ షెడ్డు చూడ్డానికి ఇంత దూరమా! దుగ్గిరాలలో పసుపు గోడౌన్లు లేవూ?"

అప్పుడు చెప్పాను. 1895 మార్చిలో లూమియేర్లు తమ ఫ్యాక్టరీ గేటు ముందు కెమెరా పెట్టి, పని వదిలి బయటికొస్తున్న కార్మికుల్ని తీశారు. ఒక నిమిషం కూడా లేదు. ఆ వీధికి ఇప్పుడు "మొదటి ఫిల్ము వీధి" అనే పేరు. ఆ షెడ్డే ఇప్పుడొక సినిమా హాలు. ఆ బొమ్మ నా ఫోనులో ఉంటే చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. మళ్ళీ ఓసారి వెయ్యమంది.

"అందరూ ఆడవాళ్ళేనే!"

అందరూ కాదు, కానీ ఎక్కువమంది వాళ్ళే. పొడుగు గౌన్లు, నెత్తిన టోపీలు, ఇంటికెళ్ళే తొందర. ప్రపంచ సినిమాలో మొదట తెరకెక్కిన వాళ్ళు మహారాణులూ కారు, నాట్యకత్తెలూ కారు. పనిచేసి ఇంటికెళ్తున్న ఆడవాళ్ళు. ఈ ముక్క నేను ఎన్నో వ్యాసాల్లో చదివాను గానీ, కుట్టుమిషను మీద ముప్పయ్యేళ్ళు కూర్చున్న మనిషి పక్కన కూర్చుని చూసినప్పుడు వేరేగా తోచింది. అమ్మేమీ అనలేదు. కాసేపయ్యాక, "ఆ ఊళ్ళో బట్టలు కూడా నేస్తారట్రా?" అని మాత్రం అడిగింది. నెయ్యకపోవడమేం? పట్టుకి పుట్టిల్లు ఆ ఊరు. మన మంగళగిరి, ధర్మవరం నేతగాళ్ళ నోట నలిగే "జాకార్డు" ఎవరనుకున్నారు? జోసెఫ్ మరీ జాకార్డ్, లియాన్ మనిషి. 1804 నాటి ఆయన మగ్గమే అది. ఈ సంగతి విన్నాక లియాన్‌కి ఒక రాత్రి కాస్తా రెండు రాత్రులైంది.

లియాన్ నుంచి జెనీవా, మాంత్రూ మీదుగా ఇంటర్లాకెన్ వెళ్తాం. రెండుచోట్ల మారాలి, అయినా ఈ దారే ఎందుకంటే సానెన్ స్టేషను ఇటే వస్తుంది. ఆ చుట్టుపక్కలే "దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే" తీశారు, 1995లో విడుదలైంది. రైలు కోసం పరుగెత్తే షారుఖ్, కాజోల్‌ల తరం మనది కాదన్నా వాళ్ళ పరుగు మనలో మిగిలే ఉంది. అయితే ఒక రహస్యం. అందరికీ గుర్తున్న ఆ చివరి రైలు, చెయ్యి చాపే రైలు, యూరప్‌లో లేదు. పన్వేల్ దగ్గర ఆప్టా అనే చిన్న స్టేషన్లో ఉంది. దానికి వీసా అక్కర్లేదు.

ఈ మాంత్రూ దారిలో అమ్మకి నచ్చినది ఇంకొకటి. కొండల్లో అది మీటర్ గేజ్ లైను, ఇంటర్లాకెన్ వైపు వెడల్పు లైను. 2022 డిసెంబరు నుంచీ త్స్వైసిమ్మెన్ స్టేషన్లో పెట్టెలే తమ చక్రాల్ని సర్దుకుని పట్టాలు మారుతున్నాయి, లోపలి జనం లేవక్కర్లేదు. గుంటూరులో బ్రాడ్ గేజ్ బండి దిగి, పిల్లల్నీ మూటల్నీ మోసుకుని మాచర్ల మీటర్ గేజ్ బండి ఎక్కిన తరం ఆవిడది. "అలా కూచోబెట్టి మార్చేస్తారా!" అని ఇద్దరు పక్కింటి వాళ్ళకి చెప్పింది. ఈఫిల్ టవరు గురించి ఒక్కరికీ చెప్పలేదు.

స్విట్జర్లాండ్ అంటే మంచు కొండెక్కాలిగా? యుంగ్‌ఫ్రౌ రైలు మిమ్మల్ని 3,454 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది. అమ్మకి బి.పి. ఉంది. డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. బదులుగా ఇంటర్లాకెన్‌లోనే హార్డర్ కుల్మ్ అనే 1,322 మీటర్ల గుట్ట ఉంది. తాడు రైల్లో పది నిమిషాలు. మంచు కొండలు ఎదురుగా కనబడతాయి, పరిగెత్తుకెళ్ళి ముట్టుకోకపోతే వాటికేం లోటు? కింద ఊళ్ళో 2016లో పెట్టిన యశ్ చోప్రా విగ్రహం ఉంది, దణ్ణం పెట్టుకుని వస్తాం.

అసలు పుట్టినరోజు సంగతికి వస్తున్నాను. పదో రోజు ఇంటర్లాకెన్ నుంచి వియన్నా. జూరిక్‌లో బండి మారి, మొత్తం పది గంటల పైచిలుకు. జూరిక్ నుంచి రాత్రి బండి ఉంది. పడుకుని లేస్తే వియన్నా, హోటలు ఖర్చు కలిసొస్తుంది. నేను దానివైపే మొగ్గాను. అమ్మ ససేమిరా అంది. "రాత్రిపూట కిటికీలోంచి ఏం కనబడుతుందిరా? నా పుట్టినరోజు నాడు నేను పొద్దున్నించి సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చుంటా. వంట లేదు, కుట్టు లేదు. ఎవరూ పిలవరు."

అంతకంటే పెద్ద పార్టీ నేనివ్వలేను. ఒక్క పగట్లో స్విట్జర్లాండ్, చిటికెడు దేశం లీష్టెన్‌స్టైన్, ఆస్ట్రియా మూడూ దాటుతాం. జూరిక్ వదిలాక ఎడమ పక్క సరస్సులు. బుక్స్ అనే సరిహద్దు స్టేషన్లో బండి వెనక్కి తిరిగి నడుస్తుంది, అంటే ముందుకి చూస్తున్న సీటు వెనక్కి చూసే సీటైపోతుంది. అందుకని ఎదురెదురు కిటికీ సీట్లు రెండు చూస్తున్నాను, అక్కడ ఇద్దరం మారిపోవచ్చు. వియన్నాలో 1897 నాటి రంగులరాట్నం ఎక్కిస్తాను. "ది థర్డ్ మ్యాన్" (1949), "బిఫోర్ సన్‌రైజ్" (1995) రెంటిలోనూ కనబడేది అదే.

మీకు పనికొచ్చే నాలుగు ముక్కలు గబగబా చెప్పేస్తాను. షెంగెన్ వీసా ఒకటే చాలు, ఈ మూడు దేశాలకీ చెల్లుతుంది. ఎక్కువ రాత్రులు ఎక్కడ పడుకుంటారో ఆ దేశం వాళ్ళకే దరఖాస్తు పెట్టాలి. మాకు అయిదు రాత్రులతో ఫ్రాన్సు. ఆరు నెలల ముందు నుంచీ తీసుకుంటారు, పదిహేను రోజుల లోపు వెళ్తే తీసుకోరు. పెద్దవాళ్ళకి రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. నాబోటి నెలజీతం లేని రాతగాడికి జీతం చీటీలు ఉండవు గనక బ్యాంకు లెక్కలు, ఆదాయపు పన్ను రిటర్నులు దొంతర పెట్టి సిద్ధం చేసుకోవాలి. ఆ పని ఆరు నెలల ముందే మొదలెట్టాను. ఖాతాలో ఒక్కసారిగా వచ్చిపడ్డ డబ్బుని అక్కడివాళ్ళు నమ్మరు.

యూరెయిల్ పాస్ మాటంటారా? మీకు 27 దాటకపోతే తగ్గింపు ఉంది, అరవై నిండినవాళ్ళకీ పది శాతం ఉంది. మేష్టారు వేసిన జూలై 1 తొలిసారి అక్కరకొచ్చేది! కానీ పాస్ ఉన్నా ఫ్రాన్సు వేగపు బళ్ళలో సీటుకి విడిగా డబ్బు కట్టాలి. నాలుగు ఊళ్ళకి మూడు ప్రయాణాలే గనక విడి టిక్కెట్లు ముందుగా కొనడమే మాకు చవక. ఎనిమిది ఊళ్ళు తిరిగే కుర్రకారుకి పాస్ బాగుంటుంది. మోకాళ్ళు మీవి.

అమ్మ ఇప్పటికే రెండు చిన్న సంచులు కుట్టింది, పాస్‌పోర్టులు మెళ్ళో వేసుకోవడానికి. నాది ఖాకీ, తనది ఆకుపచ్చ. నిన్న ఓ కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. లోపల చిన్న నోట్లు, పెద్ద నోట్లు కలిపి రబ్బరు బ్యాండు. మిగతా ఖర్చు నీ ఇష్టం, ప్యారిస్ నుంచి లియాన్ రెండు గంటల బండికి మాత్రం ఇద్దరి టిక్కెట్లూ తన కుట్టుడబ్బుతోనే కొనాలట. అమ్మకం మొదలెట్టిన పొద్దున్నే కొనాలి, లేకపోతే రేటు పెరుగుతుంది.