దగ్గరి పది తెలిస్తేనే లెక్క దారికొస్తుంది

సంతలో 47 రూపాయల సరుకు కొంటే ‘యాభై అనుకో’ అంటాం. పెళ్లి భోజనాలకు 388 మంది కూర్చుంటే ‘నాలుగొందల విస్తళ్లు లేచాయి’ అంటాం. బళ్లారిలోనైనా, హోసూరులోనైనా, రాయగడలోనైనా, షోలాపూరులోనైనా, యానాంలోనైనా తెలుగింట ఇది రోజూ వినపడే మాటే. సుమారు, రమారమి, ఇంచుమించు, ఉజ్జాయింపు, అటూ ఇటూగా.. ఒక్క పనికి ఇన్ని మాటలున్న భాష మనది. అదే పని బడిలో ‘సమీప పదులకు సవరించుము’ అనే ప్రశ్నగా ఎదురయ్యేసరికి పిల్లలు బిక్కమొహం వేస్తున్నారు. ఇంట్లో అలవాటైన లెక్క బడి గడప దాటేసరికి ఎందుకు కొత్తదైపోతోంది?

కారణం వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. చాలాచోట్ల పిల్లలకు చెబుతున్నది లెక్క కాదు, సూత్రం. ‘పక్క అంకె 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఒకటి కలుపు, తక్కువుంటే వదిలెయ్’ అని బట్టీ పట్టిస్తారు. పాఠం అయిపోతుంది. ఆ తర్వాత 3,482ను దగ్గరి వందకు సవరించమంటే ఒక పిల్లాడు 3,582 అని రాస్తాడు. వందల దగ్గర ఒకటి కలిపాడు, మిగతావి అలాగే ఉంచాడు. ఇంకో పిల్ల 35 అని రాసి ఊరుకుంటుంది. కలపాల్సింది కలిపింది, మిగతావి కొట్టేసింది. ఇద్దరూ సూత్రాన్ని తుచ తప్పకుండా పాటించినవాళ్లే. ఒకరి జవాబు అసలు సంఖ్యకు వంద దూరంలో ఉంది. ఇంకొకరిది దాదాపు వందో వంతుకు పడిపోయింది. ‘దగ్గరి’ అన్న మాటకే అర్థం లేకుండా పోయింది.

లోపం ఆ పిల్లలది కాదు. స్థానవిలువ అర్థం కాకుండా సవరింపు చెప్పడం పునాది లేకుండా గోడ లేపడమే. 3,482 అంటే నాలుగు అంకెల వరస కాదు. అందులో మొత్తం 34 వందలు, పైన 82 ఉన్నాయి. కాబట్టి అది 34 వందలకు, 35 వందలకు నడుమ ఎక్కడో ఉంది. ఆ రెంటికీ సరిగ్గా మధ్య 3,450. మన సంఖ్య ఆ మధ్యగీతను దాటిపోయింది గనుక దానికి దగ్గరి ఊరు 3,500. ఇంతే సంగతి. నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, ఒక చివర 3,400, ఇంకో చివర 3,500, మధ్యలో 3,450 రాసి పిల్లాణ్ణి 3,482 దగ్గర నిలబెడితే, ఏ చివరికి నాలుగడుగుల్లో చేరతాడో వాడే చెబుతాడు. సూత్రం అప్పుడు వాడి నోట వాడి మాటగా వస్తుంది.

మరీ తికమక పెట్టేది 9 అంకె. 3,996ను దగ్గరి పదికి సవరించమంటే ‘పదుల స్థానంలో 9 ఉంది, ఒకటి కలిపితే పది, మరి ఆ పదిని ఎక్కడ పెట్టాలి?’ అని పిల్లలు ఆగిపోతారు. అదే ‘ఇందులో మొత్తం పదులెన్ని?’ అని అడిగి చూడండి. 399 పదులు, 6 ఒకట్లు. దగ్గరి పది అంటే 400 పదులు. అంటే 4,000. చిక్కుముడి దానంతటదే వీడిపోతుంది. వందల స్థానంలో ఏ అంకె ఉందన్నది ఒక ప్రశ్న, మొత్తం ఎన్ని వందలున్నాయన్నది వేరే ప్రశ్న. రెండో ప్రశ్న అడిగే అయ్యవారి తరగతిలో సవరింపు సగం వచ్చేసినట్టే.

సరిగ్గా మధ్యలో ఉంటే ఏం చేయాలి? 3,450కి 3,400 ఎంత దూరమో 3,500 కూడా అంతే దూరం. పైకి పోవాలన్నది ప్రకృతి నియమం కాదు, నలుగురూ కలిసి ఒప్పుకున్న కట్టుబాటు. బడిలోనే కాదు, సర్కారు లెక్కల్లోనూ ఇది నడిచింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 288ఎ సెక్షను మొత్తం ఆదాయాన్ని దగ్గరి పది రూపాయలకు సవరించమంది. పైసలు వదిలేసి, చివరి అంకె 5 గానీ ఆ పైన గానీ ఉంటే పైపదికి, తక్కువుంటే కిందిపదికి. నాలుగో తరగతి పిల్లాడు పలక మీద చేసేదీ ఇదే.

ఇంకో పొరపాటు పెద్దవాళ్లు కూడా చేస్తారు. 3,446ను వందకు సవరించాలి. ముందు పదికి సవరిస్తే 3,450, దాన్ని మళ్లీ వందకు సవరిస్తే 3,500. కానీ 3,446 మధ్యగీత దాటనే లేదు. సరైన జవాబు 3,400. మెట్టు మెట్టుగా సవరిస్తూ పోతే పొరపాటు కూడా మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. అందుకే ఎంత పెద్ద సంఖ్య అయినా, ఏ స్థానానికి సవరించాలో ముందే తేల్చుకుని ఒక్కసారే సవరించాలి.

మరి ఏ స్థానానికి? అది పనిని బట్టి. 2011 జనాభా లెక్కల్లో యానాం జనాభా 55,626. పదికి సవరిస్తే 55,630. వందకైతే 55,600. వేయికైతే 56,000. పదివేలకైతే 60,000. నాలుగూ సరైన జవాబులే. ‘యానాం ఎంత ఊరండీ?’ అని దారిన పోయేవాడు అడిగితే అరవై వేలన్నా తప్పు లేదు. మనిషికింత అని బియ్యం పంచాల్సి వస్తే మాత్రం 60,000 అనుకుంటే 4,374 మంది ఎక్కువ లెక్కకొస్తారు. అదే 2011 లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8,11,27,740 మంది. కోటికి సవరిస్తే 8 కోట్లు. లక్షకు సవరిస్తే 8 కోట్ల 11 లక్షలు. కోటికి సవరించిన లెక్కలో 11 లక్షల పైచిలుకు మంది కనపడకుండా పోయారు. సరిహద్దుకు ఆవల ఉన్నవాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతే. పెద్ద లెక్కలో సవరించేటప్పుడు ముందుగా రాలిపోయేది చిన్న గుంపులే.

ఇక భాష సంగతి. మన పిల్లలకున్న అసలు చిక్కూ, అసలు బలమూ ఇక్కడే ఉన్నాయి. తెలుగులో నలభై ఏడు అంటే ముందు పదులు, తర్వాత ఒకట్లు. రాసే వరసా అదే. కన్నడంలో నలవత్తేళు, తమిళంలో నార్పత్తేళు కూడా ఇదే దారి. మరాఠీలో 47ను సత్తేచాళీస అంటారు. ఏడు ముందు, నలభై తర్వాత. ఒడియాలోనూ ఇదే వరస. షోలాపూరు తెలుగు పిల్ల ఇంట్లో ఒక వరసలో విన్న సంఖ్యను బడిలో తిరగేసి వింటుంది. 47ను 74గా రాసే పిల్లలను మొద్దులని తిట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి రెండో తరగతి గణితంలో 21 నుంచి సంఖ్యలను విడదీసి, పదులు ముందు వచ్చేలా చదివే పద్ధతి పెడితే పెద్ద రభసే జరిగింది. గణితవేత్త మంగళా నార్లీకర్ అది పిల్లలకు సులువని గట్టిగా నిలబడ్డారు. అక్కడి పెద్దలు వాదించుకున్న ఆ సులువు తెలుగు పిల్లలకు అమ్మ నోటి నుంచే వస్తోంది.

తమిళంలో ఇంకో తమాషా ఉంది. 90ని తొణ్ణూరు అంటారు, పేరులో నూరు ఉంది. 900ను తొళ్ళాయిరం అంటారు, పేరులో ఆయిరం ఉంది, అంటే వెయ్యి. పేరు విని స్థానం ఊహించే పిల్లలు ఇక్కడ తడబడతారు. అలాగని పక్క భాషలు లెక్కకు అడ్డమనుకోవడం తొందరపాటే. మరాఠీలో 29ని ఏకోణతీస్ అంటారు, ముప్పైకి ఒకటి తక్కువ అని. ఒడియాలో అణతిరిశ అన్నా అదే అర్థం. సవరింపు పాఠం ఆ మాటలోనే ఉంది. 29 అనగానే దగ్గరి పది ముప్పై అని భాషే చెప్పేస్తోంది. దాన్ని తరగతిలో వాడుకునే పంతులుకు సగం శ్రమ తగ్గుతుంది.

లెక్కకు సరిహద్దు లేదనడానికి మన చరిత్రే సాక్షి. ఒక్కో స్థానం ముందు స్థానానికి పది రెట్లని ఆర్యభటుడు 499 నాటి గ్రంథంలోనే చెప్పాడు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో కన్నడ నేల మీద మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. వేయేళ్ల కిందటే లెక్క సరిహద్దు దాటి తెలుగులోకి వచ్చింది. ఇవాళ ఒక తెలుగు పిల్లాడు బళ్లారి బడిలో బిడి, హత్తు, నూరు, సావిర అని నేర్చుకుని ఇంటికొచ్చి ఒకట్లు, పదులు, వందలు, వేలు అని చెప్పలేకపోతే అది పిల్లాడి తప్పు కాదు. రెండు వరసలనూ పక్కపక్కన రాసి చూపించేవాళ్లు లేకపోవడమే తప్పు.

ఇదంతా మార్కుల కోసం కాదు. సవరింపు వచ్చినవాణ్ణి మోసగించడం కష్టం. 198, 47, 312 రూపాయల సరుకులు కొంటే 200, 50, 310 అనుకుని 560 అవుతుందని కొట్టుకు చేరకముందే తెలిసిపోవాలి. అసలు లెక్క 557. బిల్లులో 657 అని ఉంటే ఆ పిల్ల అక్కడే ఆపుతుంది. 48ని 21తో గుణిస్తే 50 ఇరవైలు వెయ్యి, కాబట్టి జవాబు వెయ్యి దరిదాపుల్లో ఉండాలి. పలక మీద 108 వచ్చినా, 10,080 వచ్చినా తప్పని దానికే తెలుస్తుంది. అసలు జవాబు 1,008. సెల్‌ఫోనులో మీట తప్పు నొక్కినా పట్టుకునేది ఈ అంచనాయే.

బతుకు లెక్కలో ఇది మరీ ముఖ్యం. శ్రీనివాసపురం, కృష్ణగిరి మండీల్లో 497 కిలోల మామిడి తూగితే ‘490 రాసుకో’ అనే వ్యాపారి ఉన్నాడనుకోండి. దగ్గరి పదికి సవరించాలంటే 500 రాయాలి, 490 కాదు. సవరింపు ఎప్పుడూ ఒకవైపే, అదీ కిందివైపే జరిగితే దాని పేరు సవరింపు కాదు, కోత. షోలాపూరులో బీడీలు చుట్టే అమ్మలకు కూలి వేయి బీడీల లెక్కన. పైచిలుకు బీడీలు ఎటు సవరించారో చూడగలిగే పిల్ల ఇంట్లో ఒకతె ఉంటే ఆ ఇంటికి ధైర్యం.

ఎక్కడ సవరించకూడదో కూడా చెప్పాలి. యానాం పిన్‌కోడు 533464. దాన్ని ఎవరూ దగ్గరి వందకు సవరించరు, అది కొలత కాదు గుర్తు. మందు మోతాదును ఇంట్లో ఇష్టమొచ్చినట్టు సవరించకూడదు. 132 మంది పిల్లలను 40 సీట్ల బస్సుల్లో విహారయాత్రకు తీసుకెళ్లాలంటే మూడు బస్సులు నిండి 12 మంది మిగులుతారు. దగ్గరి సంఖ్య మూడే అయినా నాలుగో బస్సు కావాల్సిందే. సూత్రం బట్టీ పట్టినవాడు 12 మందిని రోడ్డు మీద వదిలేస్తాడు, అర్థమైనవాడు వదలడు.

చేయాల్సింది ఖర్చుతో కూడిన పని కాదు. రూపాయి బిళ్లలు, పది నోట్లు, వంద నోట్లు మూడు గడుల్లో పేర్చితే స్థానవిలువ పట్టిక తయారు. వెయ్యి నోటు 2016 నవంబరులో రద్దయింది గనుక వేల గడికి పది వందనోట్ల కట్ట పెట్టొచ్చు. యాభై నోటు చూపించి ‘ఇది సున్నాకూ వందకూ సరిగ్గా మధ్య’ అంటే మధ్యగీత కళ్లకు కడుతుంది. నోట్లు లేకపోతే అట్టముక్కలు చాలు. ప్రతి బడి గోడ మీదా స్థానాల పేర్లు తెలుగులోనూ, ఆ రాష్ట్ర భాషలోనూ రెండు వరసల్లో రాయించాలి. గ్రామ పెద్దలు, తెలుగు సంఘాలు ఉగాదికి చేసే ఖర్చులో ఓ పిసరు దీనికి పెడితే సరిపోతుంది.

ప్రభుత్వాల బాధ్యత మాత్రం ఇంతటితో తీరదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతోంది. వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధించాలని 2020 జాతీయ విద్యావిధానం అంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు 9,999 దాకా సంఖ్యలు చదవాలి, రాయాలి అన్నది 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం. దానికి పెట్టుకున్న గడువు 2026-27. కాగితం మీద అన్నీ ఉన్నాయి. తెలుగు తరగతిలో గణితం చెప్పే తెలుగు అయ్యవారు, బడి తెరిచిన నెలలోనే చేతికందే పుస్తకం ఉంటేనే ఆ కాగితానికి విలువ. తమిళనాడులో 2006 చట్టం తర్వాత తెలుగు పిల్లలకు తమిళం తప్పనిసరైంది. పక్క భాష నేర్వడం మంచిదే. కానీ లెక్క మాత్రం పిల్లకు ముందు అర్థమయ్యే భాషలోనే మొదలవ్వాలి.

అమ్మానాన్నలు కూడా ఒక పని చేయాలి. సంతకు పోయేటప్పుడు పిల్లను వెంట తీసుకెళ్లి ‘ఇది ఏ పదికి దగ్గర? ఏ వందకు దగ్గర?’ అని రోజుకు రెండుసార్లు తెలుగులో అడగాలి. ఆ ప్రశ్నకు పెద్ద చదువు అక్కర్లేదు, నోట్లో మాట ఉంటే చాలు. ఆ మాట ఇంట్లో ఉన్నన్నాళ్లూ పిల్ల ఏ రాష్ట్రంలో, ఏ భాషలో చదివినా లెక్కకు భయపడదు.